శనివారం చపాతీ తినే నల్లకుక్క

బత్తలపల్లె పోయే రోడ్డు మీద, ఒకాయన కోళ్ళు పెంచడం మానేసి ఇచ్చిన రేకుల షెడ్డులో ఉండాది మా కుక్కల షెల్టరు. వారమంతా నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. శనివారం మాత్రం మిషన్ మీద గుడ్డ కప్పేసి ఆడికి పోతాను. కుక్కలకు స్నానాలు చేయించడం, ఒంటిని పట్టి రక్తం తాగే గోమార్లు పీకడం, ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం నా పని.

సాకుతామని వచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతాది. కుక్క కోసం వచ్చినారా, పట్టుచీర కోసం వచ్చినారా మీరు? "తెల్లది లేదా అక్కా?" "చెవులు నిక్కి ఉండేది లేదా?" "బొచ్చుది ఉంటే చూపించు." కుంటిదైనా తెల్లదైతే పోతాది. చెయ్యి పెడితే కరిచేదైనా బొచ్చుంటే పోతాది. నల్లవి ఉండిపోతాయి. ఫోటోలో కూడా వాటి మొహం సరిగ్గా పడదు, రెండు కండ్లు మాత్రం మెరుస్తాంటాయి.

అట్ల ఉండిపోయినవాటిలో ఒకదాని గురించి చెప్పాల. మగది. ముక్కు కాడ్నుంచి తోక దాకా నలుపే. నాలుగేండ్లు మా కాడ ఉన్నా దానికి పేరు లేదు. తీసుకపోయేవాళ్ళు ఇష్టమైన పేరు పెట్టుకుంటారని మేము ఏ కుక్కకూ పేరు పెట్టము. అరిచేది కాదు, కరిచేది కాదు. మనిషి వస్తే గదికుండే ఇనుప జాలీ కాడికొచ్చి నిలబడి చూస్తాండె, అంతే.

శనివారం దాని రోజు. శని పట్టినాడు, నల్లకుక్కకు చపాతీ పెడితే పోతాడు అని ఎవరో అయ్యవారు చెప్పింటాడు, జనం మా షెల్టరుకు వచ్చేస్తారు. నువ్వుల నూనె పూసిన చపాతీని తల చుట్టూ మూడుసార్లు తిప్పి దీని ముందర వేస్తాండ్రి. తిరిగి చూడకూడదంట, అట్లే బండెక్కుతాండ్రి. పోతా పోతా కొందరు తెల్ల కుక్కపిల్లను ఒకదాన్ని చంకలో పెట్టుకొని పోతాండ్రి. ఎంత అన్యాయం చూడండి! పాపం దానికేం తెలుసు? ఇన్ని కుక్కలుంటే నేరుగా తన కాడికే వస్తాండారు కదా, తనకోసమే వచ్చినారనుకుంటాండె. శనివారం వచ్చిందని దానికి ఎట్ల తెలుస్తాండెనో, పొద్దున్నుంచే తోక ఊపుకుంటా నిలబడతాండె. చపాతీ సగం తిని, మిగిలింది వదిలేసి, పోయే బండినే చూస్తాండె.

పోయిన సంవత్సరం విడపనకల్లు పక్కనుంచి ఒక రైతన్న ఫోన్ చేసె. శెనక్కాయ చేనును అడవిపందులు తవ్విపోస్తాండాయి, కాపలాకు కుక్క కావాలంట. "నల్లదే కావాలమ్మా. చీకట్లో పందికి కనపడకూడదు," అనె. నేను ఎగిరి గంతేస్తి. ఫోటో పంపితే, "ఇదే నాది. శనివారం వస్తా, ఇంకెవరికీ ఇయ్యొద్దు," అనె. ఇంకెవరికీ ఇయ్యొద్దంట! ఎవరడుగుతారప్పా!

ఆ శనివారం పొద్దున్నే పోయి దానికి సబ్బు పెట్టి స్నానం చేయిస్తి. మెరవాలని కొబ్బరినూనె రాస్తి. జాకెట్టు కుట్టగా మిగిలిన ఎర్ర పట్టుముక్కతో మెడకు పట్టీ కుట్టి కడితి. పెండ్లయిన పిల్లను సాగనంపుతాన్నట్లు నొసట ఇంత కుంకుమ కూడా పెడితి. అదే నేను చేసిన తప్పు.

రైతన్న వచ్చె. బండి దిగి, నవ్వుకుంటా జాలీ కాడికొచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయె. కుంకుమ చూసె, నూనె చూసె, ఎర్రగుడ్డ చూసె. అంతకుముందే ఎవరో వేసిపోయిన చపాతీ ముక్కలు దాని కాళ్ళ కాడ చూసె.

"ఏమ్మా, దీని మీద ఎవరిదో శని దించినారా?"

"అయ్యో, లేదన్నా! బొట్టు నేనే పెట్టినా, అందంగా ఉంటాదని."

"మరి చపాతీ?"

ఎవరో శనికి వేసిపోయినారని ఉన్నమాటే చెబితి. ఆయన తల అడ్డంగా ఊపె. "వరసగా పంట పోయిన మనిషిని తల్లీ నేను. ఇంకొకరి శనిని ఏరికోరి నా చేనికి ఎట్ల తోలుకపోయేది?" అనె. చెడ్డమనిషేం కాదు. కుక్కకు రెండు చేతులెత్తి మొక్కె. మొక్కి, పక్క గదిలో ఉండే గోధుమరంగు దాన్ని తోలుకొని పోయె. నల్లది ఆయన బండిని కూడా అట్లే చూస్తా నిలబడె. నేను కొంగుతో ఆ కుంకుమ తుడుస్తాంటే నా చెయ్యి నాకె. నాకు ఏడుపు ఆగలేదు.

ఆరోజు ఇంటికి పోతే మా ఇంటి కుక్క ఎదురొచ్చి మీదికెగిరె. తెల్లది, ఒక చెవి మాత్రం గోధుమరంగు. ఇంక దాచేదేముండాది, చెప్పేస్తా. నాలుగేండ్ల కింద బస్టాండులో ఒకే అట్టపెట్టెలో దొరికినాయని ఎవరో షెల్టరుకు తెచ్చిచ్చినారు, ఇదీ, ఆ నల్లదీ. ఒకే తల్లి పిల్లలు. మొదటిసారి షెల్టరుకు పోయిన రోజు నేను ఆ పెట్టెలోకి వంగితే, నల్లదే ముందుకొచ్చి నా వేలు పట్టుకొని చీకె. దాన్ని పక్కకు జరిపి తెల్లదాన్ని ఎత్తుకుంటి. నేనూ నల్లదాన్నే. "పిల్ల మంచిదే గానీ..." అనే మాట చిన్నప్పట్నుంచి వినీ వినీ పెరిగినదాన్ని. అయినా తెల్లదాన్నే ఎత్తుకుంటి. ఆ తరువాత ఇన్నేండ్లలో, దాన్ని కూడా తెచ్చుకుందామని ఇంట్లో ఒక్కసారి అడగలేదు. వద్దని ఎవరూ అనలేదు. నేనే అడగలేదు.

మొన్న ఎండాకాలంలో షెల్టరులో ఆ నల్లది తిండి మానేసె. డాక్టరు సూదులేసినాడు, గ్లూకోజు ఎక్కించినాడు. ఒక శుక్రవారం సాయంత్రం పానం వదిలె. మరుసటిరోజు పొద్దున షెడ్డు వెనక, గట్టినేలను నీళ్ళు పోసి నానబెట్టి గడ్డపారతో తవ్వి పూడ్చినాము. ఎర్రపట్టీ దాని మెడకే ఉండె. తియ్యలేదు.

కొళాయి కాడ చేతులు కడుక్కుంటాంటే గేటు ముందర ఒక బైకు ఆగె. వచ్చినాయన చేతిలో టిఫిన్ డబ్బా. తెల్లవాటిని దాటుకొని, బొచ్చువాటిని దాటుకొని, ఒక్కో గదిలోకీ తొంగిచూసుకుంటా నా కాడికొచ్చె.

"నల్లది లేదా అక్కా?"

"లేదన్నా."

"అయ్యో, పోయిన వారం కూడా ఉండె కదా! ఎవరన్నా తీసుకపోయినారా?"

"లేదన్నా," అంటి. "ఎవరూ తీసుకపోలేదు."