గుంజలు పెరికిన గుంతల్లో

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉగాది పచ్చడి వాసన కంటే ముందు సుత్తి చప్పుడు వచ్చేది. మా తాతయ్య తెల్లారగానే దొడ్లోకి పోయి, ఆ ఏడు ఎన్ని కొత్త జీవాలు కావాలనుకుంటే అన్ని ఖాళీ గుంజలు పాతేవాడు. ఏడాది తిరిగేలోగా ప్రతి గుంజకూ ఒక గొర్రో మేకో రావాల. అదీ మా ఇంటి పద్ధతి. ఆయన సుత్తి దించితే కడత్తూరులో కాకులు లేచేవి, బి. మల్లాపురంలో ఊయలలోని పసిపిల్లలు ఉలిక్కిపడేవాళ్లు. కొంచెం తగ్గించే చెప్తున్నాను.

మా దొడ్డి పోపులపెట్టె అంత. గుంజలు మాత్రం రాజుగారి ఏనుగులన్నింటికీ సరిపోయేటన్ని. పాలు పితకడానికి పోయిన మా అవ్వ ప్రతి పొద్దూ ఏదో ఒక ఖాళీ గుంజకు కాలు కొట్టుకునేది.

"ఈ మనిషి మేకల్ని పెంచేది ఏమో గానీ, నా కాలివేళ్లు తరిగిపోతా ఉండాయి" అని సణిగేది.

తాతయ్య మీసం కింద నవ్వేవాడు. "వచ్చే ఉగాదికి నీకు కాలు పెట్టే సందే ఉండదు, చూస్తా ఉండు."

గుంజలు నిండాలని ఆయన ఆడ మేకపిల్లల్ని, గొర్రెపిల్లల్ని అమ్మేవాడు కాదు. ముసలి జీవాన్ని కూడా సంతకు తోలేవాడు కాదు. వాన పడిన ఏళ్లలో ఆ పంతం చెల్లింది. ఒక ఏడు వాన మా వైపు తిరిగి కూడా చూడలేదు. గట్లమీది గడ్డి పోయింది, వేపమండలు పోయినాయి, కడాకు మా ఇంటి పూరికప్పు కూడా మేతైపోయింది. మేకలు మా ఇంటిని తింటా ఉంటే మేము కింద కూర్చుని ఆకాశం చూసేవాళ్లం.

సగం అమ్మేద్దాం, మిగిలిన సగమన్నా బతుకుతాయి అని అవ్వ బతిమాలింది. గుంజలు ఖాళీగా ఉంటే ఊర్లో నవ్వుతారన్నాడు తాతయ్య. అమ్మలేదు. ఎండలు మొదలయ్యేసరికి ఒక్కొక్కటే మోకాళ్లమీద కూలబడింది. నేను గంజి పోస్తే మింగే ఓపిక లేక నా ఒళ్లోనే కార్చేవి. చివరికి నుదుట తెల్లమచ్చ ఉండే మా బొట్టుమేక ఒక్కటే మిగిలింది.

ఆ ఉగాదికి సుత్తి చప్పుడు రాలేదు. నేనే లేచి దొడ్లోకి పోయినాను. తాతయ్య గుంజలు పెరుకుతున్నాడు. ఒక్కో గుంజ పెరికి, దానికి కట్టిన జీవం పేరు మెల్లగా చెప్పి, పక్కన పెడుతున్నాడు. ఊరంతటికీ వినబడే ఆ గొంతు, పక్కనే నిలబడిన నాకు సరిగా వినబడలేదు.

ఆయన్ని సంతోషపెట్టాలని, "తాతా, ఈ ఏడు వంద పాతుదామా?" అంటిని.

"నా మనవరాలివే" అని నవ్వబోయినాడు. నవ్వు రాలేదు. "మేత నాటి, ఆ తర్వాత గుంజ పాతాల పాపా. నేను తలకిందులు చేసినాను."

పంచె కొసన ముడి విప్పి, మేకలు ఆకు మేసే అవిసె చెట్టు విత్తనాలు తీసినాడు. గుంజ పెరికిన ప్రతి గుంతలోనూ నాచేత వేయించి, తానే మన్ను కప్పినాడు. అవ్వ బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి పోసింది. దొడ్డంతా తిరిగినా ఆ పొద్దు ఆమె కాలికి ఏమీ తగల్లేదు. అందుకే ఏడ్చిందనుకుంటాను.

బొట్టుమేక గుంజను మాత్రం ఆయన ముట్టలేదు. "ఈ ఏటికి ఇదొక్కటి బతికితే చాలు" అన్నాడు.

బతికింది. అవిసె చెట్లు మళ్లీ వేసుకున్న పూరికప్పును దాటినాయి, ఆ ఆకు తిని బొట్టుమేక ఈనింది కూడా. పిల్లకు గుంజ పాతడానికి తాతయ్య లేడు. అంతకు ముందే, కార్తీక మాసం వానల్లో పోయినాడు. అవ్వ సుత్తి నా చేతికిచ్చింది.

ఇప్పుడు నల్లంపల్లి పక్కన నాకూ ఒక దొడ్డి ఉంది. ఉగాది వస్తే మా తమ్ముడి కొడుకు ఫోన్ పట్టుకుని, "అత్తా, ఈ ఏడు టార్గెట్ ఎంత?" అంటాడు. నేను ముందు అవిసె వరసలో నడుస్తాను. ఆ ఆకు ఎన్ని నోళ్లకు సరిపోతుందో చూసుకుని, అన్నే గుంజలు పాతుతాను. ఎంత గట్టిగా కొట్టినా నా సుత్తికి ఆ చప్పుడు రాదు. కడత్తూరు కాకుల మాట వదిలేయండి, మా అవిసె కొమ్మ మీది కాకి కూడా లేవదు. ఇందులో ఒక్క అక్షరం పెంచి చెప్పలేదు.