కారు టాపులో ఇరుక్కున్న జడ

నా చిన్నప్పుడు నా జుట్టు నాది కాదు, సింహాద్రి అప్పన్నది. మా తమ్ముడికి విషజ్వరం వచ్చినప్పుడు, వాడు బతికితే నా తలనీలాలు ఇప్పిస్తానని అమ్మమ్మ మొక్కుకుంది. వాడు బతికాడు. అప్పటినుంచి మూడేళ్ళు నా జడకు కత్తెర తగలనివ్వలేదు. నాకేమో గుండంటే చచ్చేంత భయం. ఆ మాట పైకి అంటే తమ్ముడి ప్రాణానికి అడ్డుపడినట్టే కదా, అందుకని మింగేసేదాన్ని. నాకు తొమ్మిదో ఏడు వచ్చాక సింహాచలం ప్రయాణం ఖాయమైంది, వచ్చే నెలలోనే.

అప్పట్లో మేమంతా ఇనప గనుల ఊరు కిరందుల్‌లో, రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరైన మా తాతయ్య, జగదల్‌పూర్‌లో ఎవరో కాంట్రాక్టరు పారేసిన పాత మడత టాపు కారును లారీ మీద పెరట్లోకి తెచ్చుకున్నాడు. దాని మీద గనుల ఎర్ర దుమ్మేదో, తుప్పేదో తాతయ్య గోటితో గీకి చెబితేగానీ తెలిసేది కాదు. రెండేళ్ళు దానితోనే కాపురం చేశాడు. అమ్మమ్మ దాన్ని "నా సవతి" అనేది. చివరికి టాపు ఒక్కటే మిగిలింది. ఎక్కడా దొరక్కపోతే ఇనప కమ్మీలు తనే వంచి, రివిట్లు కొట్టి బిగించి, మందపాటి కాన్వాసును దబ్బనంతో కుట్టాడు. వేళ్ళన్నీ పొక్కులెక్కాయి.

ఒక ఆదివారం టాపు సగం ఎత్తి, కర్ర ఊతం పెట్టి, తాతయ్య భోజనానికి వెళ్ళాడు. నేను వెనక సీట్లోకి దూరాను. మోకాలు తగిలి కర్ర జారింది. టాపు దభీమని దిగింది. రెండు కమ్మీలు కలిసే కీలులో నా జడ మెడ దాకా ఇరుక్కుపోయింది. తల తిప్పలేను, ఎత్తలేను. నాన్న వచ్చి టాపు లేపబోతే కీలు జడను ఇంకా లోపలికి లాగింది. కెవ్వుమన్నాను.

ఇక గోల మొదలైంది. పక్క క్వార్టరు వెల్డరు భయ్యా తొంగిచూసి, "కాట్ దో, బాల్ ఫిర్ ఆ జాయేంగే" అన్నాడు. కత్తిరించెయ్యడమే మంచిదని, జుట్టు మళ్ళీ వస్తుందని నాన్న కూడా అన్నాడు. అమ్మమ్మ అడ్డంగా నిలబడింది. "ఓలమ్మో, అది దేవుడి జుత్తురా! ముట్టుకున్నారంటే నా మీద ఒట్టే!" అంది. కాన్వాసు కింద ఉక్కలో, చీకట్లో, వాళ్ళ చేతులూ నడుములూ మాత్రమే నాకు కనబడుతున్నాయి. నా గురించే అంతసేపు మాట్లాడుకుంటున్నారు గానీ, నాతో ఒక్కరూ మాట్లాడటం లేదు. మెడ నొప్పికన్నా అదే ఎక్కువ బాధించింది.

అప్పుడు తాతయ్య ముందు తలుపు తీసి, సీటు మీదుగా పాకుతూ నా దగ్గరికి వచ్చాడు. కమ్మీ కింద నాలాగే తల వంచుకుని కూర్చున్నాడు.

"నీ తల, నీ జుత్తు. నిన్నెవరూ అడగనేదు. నువ్వు సెప్పు బుల్లీ, ఏటి సెయ్యమంటావు?"

ముందు ఏడుపు తన్నుకొచ్చింది. తర్వాత మూడేళ్ళుగా దాచింది బయటపడింది. "కొయ్యొద్దు తాతయ్యా. ఇప్పుడూ వద్దు, సింహాచలంలోనూ వద్దు."

బయట అమ్మమ్మ విననే విన్నది. తాతయ్య వెళ్ళి ఉలి, సుత్తి తెచ్చాడు. నా చెవికీ ఇనుముకీ మధ్య తన తువ్వాలు మడిచి పెట్టి, రివిట్లు ఒక్కొక్కటే తెగ్గొట్టాడు. నాలుగోది తెగగానే టాపు ఒక పక్కకు ఒరిగి, కాన్వాసు బర్రున చిరిగింది. ఆయన అటు చూడలేదు. నా జడ విప్పి, గ్రీజు అంటిన పాయలు ఓపిగ్గా విడదీస్తూ కూర్చున్నాడు.

ఆ రాత్రి అమ్మమ్మ అన్నం తినలేదు. మొక్కు తీరాల్సిందే, అది తాతయ్య కూడా కాదనలేదు. మరుసటి నెల సింహాచలంలో, రోజూ అద్దం ముందు దువ్వి దువ్వి చూసుకునే తన ఒత్తైన జుట్టును నా జడకు బదులు తనే ఇచ్చేశాడు. నున్నటి గుండుతో బయటికొచ్చిన ఆయన్ని చూసి అమ్మమ్మ మొదట ఏడ్చింది, ఆ తర్వాత పడీ పడీ నవ్వింది. ఆ కారుకు మళ్ళీ టాపు పడలేదు.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. మంచం చుట్టూ బంధువులు చేరి కోయించాలనీ, వద్దనీ వాదించుకుంటుంటే, మంచం మీది మనిషి నోరు మెదపకుండా పడుకోవడం ఎన్నిసార్లు చూశానో. ఆ బంధువుల నోళ్ళు మూయించడం నా తరం కాలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, నా తల ఆ దిండు దాకా వంచి, మీకేం కావాలని మాత్రం అడిగేదాన్ని. చాలామంది మొదట ఏడ్చేవాళ్ళు. ఆ తర్వాత చెప్పేవాళ్ళు.