చేతి చాటు మాట

సోమవారం పొద్దున కోహెడ బడిలో నేను నల్లబల్ల మీద లెక్క రాస్తున్నాను. సిద్దిపేట నుంచి రోజూ బస్సులో వచ్చే మా తోటి టీచరు నా ఎడమ పక్కన నిలబడి ఏదో చెప్పింది. నా ఎడమ చెవి పని చెయ్యదని ఆమెకు తెలుసు, ఆ తొందరలో మరిచిపోయింది. నేను చాక్‌పీసు ఆపి ఆమె ముఖం వైపు తిరిగాను. మళ్ళీ చెప్పింది.

"మీ చెవుల సారు పోయిండట."

అలా ఆ వార్తను ఆమె చేత రెండుసార్లు చెప్పించాను. సారు బతికి ఉంటే దీనికి నవ్వేవారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఆ లెక్క ఎట్లా పూర్తి చేశానో కూడా గుర్తులేదు.

సిద్దిపేటలో పాత బస్టాండు దగ్గరి సందులో ఆయన దవాఖాన ఉండేది. ముందు గదిలో బెంచీలు, వెనక గదిలో సారు. బోర్డు మీద చెవి, ముక్కు, గొంతు మూడూ రాసి ఉన్నా ఊరంతా చెవుల సారు అనే పిలిచేది. "ముక్కు, గొంతు ఏం పాపం చేసినయో" అని ఆయన అప్పుడప్పుడు ఉత్తుత్తి అలక పోయేవారు. చింతగింజ ముక్కులో దూర్చుకున్న పిల్లలు, చెవిలో బలపం ముక్క విరగ్గొట్టుకున్న పిల్లలు, గొంతులో చేపముల్లు దిగిన పెద్దలు, అందరూ అక్కడికే. తీసిన గింజను కడిగి ఆ పిల్లగాడి చేతిలోనే పెట్టి, ఇగ దీన్ని భూమిల నాటు, ముక్కుల మొలవదు అని పంపించేవారు.

నన్ను ఆయన దగ్గరికి తీసుకుపోయింది ఎనభైల మొదట్లో. మాది మగ్గాల ఇల్లు. గదిలో బాపు మగ్గం, పెద్దబాపు మగ్గం, పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఒకటే మోత. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి మా ఇంట్లో అందరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడేవాళ్ళం. బాపు మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె ఆపకుండానే పెదవులు కదిలిస్తే, మేం అవ్వ అని పిలిచే అమ్మ నీళ్ళ చెంబు తెచ్చేది. నేనూ అట్లాగే నేర్చుకున్నాను. అందుకే నాకు చెవులు వినబడటం లేదని మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. మనుషుల మాటంటే కళ్ళతో చూసేదే అనుకున్నాను.

చెవులు కారడం మాత్రం అందరికీ తెలుసు. అవ్వ ఎల్లిగడ్డ రెబ్బలు వేసి కాచిన నూనె గోరువెచ్చగా పోసి దూది పెట్టేది. కారేదాన్ని ఆపకూడదనీ, ఆపితే తలకెక్కుతుందనీ మా వాడలో నమ్మకం. బడిలో పంతులు బోర్డు వైపు తిరిగి అడిగిన ప్రశ్నలకు నేను జవాబు చెప్పకపోయేసరికి నాకు మొండిదన్న పేరు వచ్చింది. ఇంత మొండిదానికి చదువెందుకు, ఆ ఏడు బడి మాన్పించి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెడదామని బాపు తేల్చేశాడు. నాకు బడి అంటే ప్రాణం. బడి మాన్పించే మాట బాపు నోట వినలేదు, పెదవుల మీద చూశాను. అన్నం తినకుండా పడుకున్నాను. జ్వరం వచ్చి చెవి వాస్తే తప్ప సారు దగ్గరికి పోయేవాళ్ళం కాదేమో.

సారు నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని, నా చెవిని మెల్లగా వెనక్కి లాగి చూశారు. ఏం పోస్తున్నారని అవ్వను అడిగారు. ఏం పొయ్యలేదని అవ్వ అడ్డంగా తల ఊపింది. ఆయన ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి, తిట్టకుండా ఇంత మాటన్నారు.

"ఎల్లిగడ్డ నూనె మంచి వాసనొస్తున్నదమ్మా. గా నూనె అన్నంల పోసుకోండ్రి, చెవిల వద్దు. లోపల కాయిదం లెక్క పలుచటి పొర ఉంటది, అది చినిగిపోయింది."

ఆపితే తలకెక్కుతుంది కదా అని అవ్వ భయపడుతూ అడిగింది. ఆపకపోతేనే ఎక్కుతుందని ఆయన చెప్పారు.

తర్వాత నాతో ముచ్చట పెట్టారు. ఏ తరగతి, ఇంట్లో ఎందరు, ఏం కూర తిన్నావు. అన్నిటికీ టకటకా చెప్పాను. బాపుకు ధైర్యం వచ్చింది. చూసిండ్రా సారూ, మంచిగనే ఇంటది, మొండితనమంతా బడిలనే అన్నాడు. సారు బాపు వైపు చూశారు, నా కళ్ళు ఎక్కడున్నాయో చూశారు. ఆ పైన ఎడమ చెయ్యి ఎత్తి తన నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అంతే, లోకం ఆగిపోయింది. చేతి పైన ఆయన కళ్ళు కనబడుతున్నాయి, చెంపలు కదులుతున్నాయి, మాట లేదు. నేను అలవాటు ప్రకారం తల ఊపాను.

చెయ్యి దించి ఆయన అన్న మాట ఇప్పటికీ నాతోనే ఉంది. "వినవడకుంటె వినవడలేదని చెప్పాలె బిడ్డా. తల ఊపినవనుకో, నీ బాధ ఎవ్వలకు తెల్వది."

మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఈసారి నేను "వినవడలే సారూ" అన్నాను. ఆయన మెల్లగా, పరీక్షలో నెగ్గిన పిల్లను చూసినట్టు తల ఊపారు. బాపు స్టూలు మీద కూలబడ్డాడు. రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

నెలల తరబడి తిరిగాం. ఆయనే దూది పుల్లతో చెవులు తుడిచి ఆరబెట్టి చుక్కలు వేసేవారు. కుడి చెవి ఆరింది, వినికిడి చాలావరకు వచ్చింది. ఎడమది పోయింది. ఆ సంగతి దాచలేదు, అబద్ధం చెప్పి ఆశ పెట్టనని నా ముఖం చూసే చెప్పారు. ముందు బెంచీలో, కుడి చెవి పంతులు వైపు ఉండేటట్టు కూర్చోబెట్టమని బాపుకు చెప్పి పంపారు. కండెల మాట ఇంట్లో మళ్ళీ రాలేదు. నేను ఈ రోజు టీచర్ని అయ్యానంటే ఆ అడ్డం పెట్టిన చెయ్యి వల్లే.

ఆ ఎడమ చేతి వెనక ఎప్పుడూ ఒక నల్లటి మచ్చ ఉండేది. గొంతు చూడాలంటే పొడుగు పుల్లకు అతికించిన చిన్న అద్దాన్ని స్పిరిట్ దీపం మీద వెచ్చ చేస్తారు, లేకపోతే ఊపిరికి మసకబారుతుంది. వెచ్చ చేసిన అద్దాన్ని రోగి గొంతులో పెట్టే ముందు సారు తన చేతి వెనక ఆనించి చూసుకునేవారు, కాలుతుందేమో అని. కొన్నిసార్లు కాలేది. అది ఆయన చేతికే కాలేది. ఇన్నేళ్ళ మచ్చ అది.

నిరుడు వానాకాలంలో ఆయన గొంతు బొంగురుపోయింది. బీడీ, సిగరెట్ ఎరగని మనిషి. జలుబేమో అనుకున్నారట ఆయన భార్య, మేం అమ్మగారు అని పిలిచే ఆమె. సారు అనుకోలేదు. ఒక మధ్యాహ్నం దవాఖాన తలుపు దగ్గరేసుకుని, ఎదురుగా ఇంకో అద్దం పెట్టుకుని, ఆ చిన్న అద్దాన్ని తన గొంతులోనే పెట్టుకుని చూసుకున్నారట. తలుపు సందు నుంచి అమ్మగారు చూశారు. తన గొంతుకే అయినా, ముందు చేతి వెనక ఆనించి చూసుకున్నారని చెప్తూ ఆమె ఏడ్చారు.

హైదరాబాద్ తీసుకుపోతే గొంతు క్యాన్సరని తేలింది. ప్రాణం నిలబెట్టడానికి మాట పుట్టే గొంతు పెట్టె తీసేశారు. మెడ మీది రంధ్రం లోంచి ఊపిరి, నోట్లోంచి మాట లేదు. పలక ఇస్తే రాసేవారు కానీ అది డాక్టరు రాత. చదవాలంటే మందుల షాపాయన రావాలి. ఇంట్లోవాళ్ళు అర్థం కాక, సరే సరే అని తల ఊపేవాళ్ళు. ఊరందరి గొంతులూ బాగు చేసిన మనిషి మాట ఇంట్లో ఎవరికీ అందలేదు. ఆయనకు అదే ఎక్కువ బాధ అయి ఉంటుంది.

చూడటానికి పోయిన రోజు ఆయన పెదవులు కదిలాయి. మీ బాపు మగ్గం నేస్తుండా అని అడిగారు. నేస్తుండు సారూ, కండ్లే కొంచెం కనవడుత లేవన్నాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. అమ్మగారు ఒకసారి నన్ను, ఒకసారి ఆయనను చూశారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను పోవాల్సిందే. పప్పులో ఉప్పు ఎక్కువైందనీ, కిటికీ తెరవమనీ, నువ్వు ముందు తిను, ఎండిపోతున్నవనీ ఆయన అంటే నేను గొంతిచ్చి చెప్పేదాన్ని. మొగుడు పెళ్ళాంతో చెప్పుకునే మాటలు మధ్యలో నిలబడి చెప్పాలంటే నాకు సిగ్గయ్యేది. అందుకే ఆమెకు ఒక్క మాటైనా పెదవుల మీద చదవడం నేర్పాను. ఆయన ఆమెను ఎప్పుడూ "ఇగో" అనే పిలిచేవారు. పెదవులు ఒకసారి విచ్చుకుని, చివర గుండ్రంగా చుట్టుకుంటాయి. అమ్మగారు దాన్ని పట్టుకున్న రోజు, వంటింటి గడప మీంచే "ఆఁ, వస్తున్న" అన్నారు. సారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

చివరి ఆదివారం ఆయన చాలా చిక్కిపోయి ఉన్నారు. బస్సుకు టైమవుతున్నదని లేచి, పోయొస్త సారూ అన్నాను. ఉండమన్నట్టు వేలు ఎత్తారు. ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేపి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

చేతి వెనక ఆ నల్లటి మచ్చ నా కళ్ళ ముందే ఉంది. దాని పైన ఆయన కళ్ళు నన్నే చూస్తున్నాయి, చెంపలు కదులుతున్నాయి. ఏదో చెప్తున్నారు. చిన్నమాట కాదు, చాలాసేపు చెప్పారు. తెలిసి కూడా నేను అలవాటుగా కుడి చెవి అటు తిప్పాను. మెడలోంచి ఊపిరి వచ్చి పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

తల ఊపి రావచ్చు. ఆయన దగ్గర అది చెల్లదు.

"వినవడలే సారూ" అన్నాను.

ఆయన మెల్లగా తల ఊపారు, అప్పటిలాగే. చెయ్యి మాత్రం నోటి మీంచి తియ్యలేదు.