తోడు ఓటు

పులివెందులలో పుట్టినదాన్ని. ఎలక్షన్ల గొడవలు ఉగ్గుపాలతో తాగినా. ప్రొద్దుటూరు బళ్లో టీచరునైన నన్ను మొన్నటి ఎలక్షన్లకు జమ్మలమడుగు పక్క పల్లెకు ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఏస్తే, "మెడికల్ లీవు పెట్టు" అని మా ఆయన ఒకటే నస. "ఎనిమిదో తరగతి పిల్లోళ్లను దినామూ అదుపులో పెడ్తాండా, ఇద్దరు ఏజెంట్లు నాకొక లెక్కనా?" అన్యా.

బూత్‌లో కూచున్న రెండు పార్టీల ఏజెంట్లు పాము, ముంగిస. ఓటరు ఫొటోలో మీసం లేదని ఒకడు లేస్తే, గొరిగించుకుంటే తప్పా అని ఇంకొకడు లేస్తాడు. ఒకరి బాటిల్లో నీళ్లు ఇంకొకరు తాగరు. నేను గదిమితే కూచుంటారు.

అప్పుడు మొదటి ఏజెంటు పార్టీ ఆసామి ఒక అవ్వను చెయ్యి పట్టుకొని తెచ్చినాడు. "కండ్లు అగపడవు మేడం. మా చేన్లో పనిచేసే మనిషే. తోడు పోయి నేనే నొక్కుతా" అన్యాడు.

రెండో ఏజెంటు అరుస్తాడనుకున్యా. ఆయప్ప పైకప్పు సూస్తాండాడు. వాకిట్లోకి తొంగిచూస్తే అర్థమాయ. వాళ్ల పార్టీ మనిషి గూడా ఇంకో అవ్వ చెయ్యి పట్టుకొని లైన్లో ఉండాడు. నీళ్లకాడ కలవనోళ్లు ముసలోళ్ల ఓట్లకాడ కలిసినారే! నాకు ఒళ్లు మండింది.

"అవ్వా, నిజంగా అగపడవా?"

అవ్వ ఆసామి మొగం సూసి తల దించుకుంది. పాపం, రేపు కూలికి పోవాల్సింది ఆయప్ప చేనికే.

"ఆయప్పను గాదు, నన్ను సూడు. ఈడ జరిగేదానికి జవాబు చెప్పాల్సింది నేను."

అవ్వ నన్ను పైనుంచి కిందిదాకా సూసింది. "నీ జాకెట్టు భుజంకాడ కుట్టు ఊడింది సూడుమ్మా" అనింది మెల్లగా.

అందరూ పక్కున నవ్విరి. "కుట్టు అగపడేదానికి గుర్తు అగపడదా? బయట నిలబడప్పా" అన్యా ఆసామితో.

"నిన్ను యాడికి ట్రాన్స్‌ఫర్ చేపిస్తానో సూడు!"

"యాడికన్నా పంపియ్. ఆడా బడే గదా ఉండేది."

అవ్వ ఒక్కతే ఓటేసే అట్ట చాటుకు పోయింది. ఓటు పడితే మిషను కూత పెట్టాల. కూసింది. అవ్వ కొంగు సర్దుకొని, ఆసామి పక్కకు తిరిగి గూడా సూడకుండా మెట్లు దిగిపాయ.

లైన్లో ఉన్న రెండో అవ్వ అంతా సూస్తానే ఉండాది. తనను పట్టుకున్న చెయ్యి ఇదిలిచ్చి కొట్టి, "ఇడ్సప్పా, నాకూ కండ్లు ఉండాయి" అనింది.