మా మేనత్త పంటు

మా మేనత్త కువైట్ నుంచి పూర్తిగా వచ్చేసిన ఏడాది, ఆవిడ డబ్బు గురించి ఊళ్ళో అందరికీ దిగులు పట్టుకుంది. ఒకరు స్థలం కొనమన్నారు. ఒకరు చీటీ వెయ్యమన్నారు. మా నాన్న బ్యాంకులో వేసి కదలకుండా కూర్చోమన్నాడు. ఆవిడ అందరి మాటా విని, అందరికీ టీలిచ్చి, వెళ్ళి పంటు కొనుక్కుంది.

పంటు ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను బిగిస్తే అది పంటు. మోటారు సైకిళ్ళు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, గేదెలు, నాలాంటి టీచర్లు దాని మీద ఏరు దాటుతారు. మా ఊరికీ మా స్కూలుకీ మధ్య గోదావరి పాయ ఉంది. రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు గానీ, అలా వెళ్ళినవాళ్ళు మధ్యాహ్న భోజనం వేళకి చేరతారు.

రేవుకి ఏటా వేలంపాట పెడతారు. గెలిచినవాళ్ళు ఆ ఏడాదంతా పంటు నడుపుకుని మనిషికింత, బండికింత అని వసూలు చేసుకోవచ్చు. అప్పటిదాకా మగవాళ్ళే కూర్చునే ఆ పాటకి మా అత్త చేతిసంచీతో వెళ్ళి ముందు కుర్చీలో కూర్చుంది. ఎవరో వెనక్కి జరగమంటే, "పరాయి వంటిళ్ళలో నిలబడీ నిలబడీ వచ్చేనండి, ఇక్కడైనా కూర్చోనివ్వండి" అందట. రేవు ఆవిడకే వచ్చింది, ఆ తర్వాత ఏటా కూడా.

ఆ పంటుని ఆవిడ చూసుకున్నట్టు మా ఇంట్లో పిల్లల్ని కూడా ఎవరూ చూసుకోలేదు. పొద్దున్నే నాచేత లేపించుకుని వెళ్ళి రేవు పాకలో స్టూలు వేసుకుని కూర్చునేది. బల్లలు కడిగించేది, అడుగుకి తారు పూయించేది, గేదెల్ని ఎక్కించినవాళ్ళని చీవాట్లు పెట్టి మరీ ఎక్కనిచ్చేది. పంటు నడిపే సరంగు "ఓనరుగారండీ" అని పిలిస్తే, వినబడనట్టు ఊరుకుని ఇంకోసారి పిలిపించుకునేది. కువైట్‌లో ఆవిడని అన్నేళ్ళూ ఏమని పిలిచారో మాకు ఎప్పుడూ చెప్పలేదు. పంటు పోతే ఆవిడ మళ్ళీ మా ఇంట్లో ఉండే పెద్దావిడ, అంతే. ఆ సంగతి ఆవిడకి తెలుసు, మాకూ తెలుసు.

ఇక నా సంగతి. నాకు బ్రిడ్జి కావాలి. సర్వీసంతా తడిసిన చీర కుచ్చిళ్ళతో పాఠాలు చెప్పినదాన్ని. బురదలో చెప్పు వదిలేసి ఒంటి చెప్పుతో ప్రేయరుకి నిలబడినదాన్ని. ఏటి మధ్యలో బ్రిడ్జి స్తంభాలు ఎప్పుడో లేచాయి, లేచినవి లేచినట్టే ఆగిపోయాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకునేవి. కట్టిన సొమ్ము వాటికైనా దక్కిందిలే అని నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

మా చర్చిలో శుక్రవారం స్త్రీల కూడిక జరుగుతుంది. అందులో ఎవరి అవసరం వాళ్ళు పైకి చెప్పాలి, మిగతావాళ్ళు దానికోసం ప్రార్థించి ఆమెన్ అనాలి. నేను ప్రతివారం బ్రిడ్జి చెప్పేదాన్ని. పక్కనే కూర్చున్న మా అత్త ఆమెన్ అనేది, కానీ పెదవులు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు. దేవుడు చాలా ఏళ్ళు ఆవిడ వైపే ఉన్నాడు.

తర్వాత ఒక పెద్ద అధికారి వచ్చి మా స్కూలు ఆవరణలో మీటింగు పెట్టారు. ప్రభుత్వం ఒక్కటే అన్నీ చెయ్యలేదనీ, రవాణా రంగంలోకి ప్రైవేటు పెట్టుబడి రావాలనీ, రిస్కు తీసుకునే ధైర్యవంతులు ముందుకు రావాలనీ చెప్పారు. మా అత్త ముందు వరసలో లేచి నిలబడింది.

"ఆయ్, నేను పెట్టేనండి" అంది.

ఆయన నవ్వి, చాలా సంతోషమమ్మా అని, ఒక కంపెనీ మిగిలిన బ్రిడ్జి పూర్తిచేసి, కొన్నేళ్ళు టోలు వసూలు చేసుకుని, ఆనక ప్రభుత్వానికి అప్పగిస్తుందని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ కూర్చుని నా చెవిలో, "నేను చేసేదీ అదే కదే, నాకెవరూ శాలువా కప్పలేదే" అంది. నేను మాత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఆ శుక్రవారం కూడికలో మా వెనకింటావిడ, "బ్రిడ్జి అయిపోతే ఓనరుగారికి కష్టమేనండి పాపం, ఆవిడ కోసం కూడా ప్రార్థన చేద్దారండి" అంది. అందులో జాలి ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో తెలుస్తూనే ఉంది. మా అత్త రోషం గల మనిషి. వెంటనే లేచి సాక్ష్యం చెప్పింది.

"నాకోసం ఎవరూ ఏడవక్కర్లేదండి. ఆ బ్రిడ్జి రోడ్డు నా కొబ్బరితోటలోంచి వెళ్ళినా సరే, ఒక్క మాట అనకుండా ఇచ్చేస్తాను. దేవుడి సన్నిధిలో చెప్తన్నాను."

అందరూ ఆమెన్ అన్నారు. ఆవిడ ధైర్యానికి కారణం ఉంది. ఏటిగట్టు పక్కన ఆవిడ తోట ఒక చివర, రోడ్డు కోసం పాతిన సర్వే రాళ్ళు ఇంకో చివర. మధ్యలో సగం ఊరు ఉంది.

కంపెనీవాళ్ళు వచ్చారు, ఇళ్ళ మధ్యనుంచి వెళితే గొడవలు ఎక్కువని లెక్క వేసుకున్నారు, రాళ్ళు పీకి రోడ్డుని పక్కకి తిప్పారు. కొత్త రాళ్ళు సరిగ్గా మా అత్త తోటలో పడ్డాయి. ఆ సాయంత్రం ఆవిడ అన్నం తినలేదు.

మర్నాడు అమలాపురంలో లాయరు దగ్గరికి వెళ్ళింది. తోట ఇవ్వనని కోర్టుకెక్కితే రోడ్డు ఏళ్ళ తరబడి ఆగుతుందని, రోడ్డు లేనిదే బ్రిడ్జి ఉన్నా లేనట్టేనని ఆయన చెప్పాడు. అంటే పంటు బతుకుతుంది. అక్కణ్ణుంచి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. రాళ్ళు ఒకచోట ఉండగా చెప్పిన సాక్ష్యం, రాళ్ళు ఇంకోచోటికి మారాక చెల్లుతుందా అని అడిగింది. ఆయన రోజూ మోటారు సైకిలు పంటు మీద ఎక్కించుకుని అవతలి సంఘానికి వెళ్ళే మనిషి. "ప్రార్థన చేసి చెప్తానమ్మా" అన్నారు. ఆ ప్రార్థన ఇప్పటికీ పూర్తయినట్టు లేదు.

ఇంట్లో నేను ఒక్క మాట అనలేదు. ఆవిడకి ఇష్టమైన చింతచిగురు రొయ్యలు వండాను, మర్నాడు పనసపొట్టు కూర వండాను. ఎందుకు వండుతున్నానో ఆవిడకి తెలుసు. తినడం మాత్రం తినేది. మూడోనాడు కంచం ముందు కూర్చుని నన్ను ఎగాదిగా చూసి, "ఇంక వండకే, సంతకం పెట్టేసేను" అంది.

నాకు సంతోషం వచ్చింది, సిగ్గు కూడా వచ్చింది. "సాక్ష్యం కోసమా అత్తా?" అని అడిగాను.

"దేవుడిదేముందే, ఆయన క్షమిస్తాడు. ఆ కూడికలో ఆడోళ్ళున్నారు చూడు, వాళ్ళు క్షమించరు" అంది. ముద్ద కలుపుకుంటూ, "పైగా అన్నేళ్ళు పరాయిచోట బతికొచ్చేక, నాకు మిగిలింది నా మాటొక్కటే కదా. అదీ పోతే ఎలాగ?" అంది. నేను మజ్జిగ వడ్డించాను.

బ్రిడ్జి పూర్తయింది. నీటికాకులు వేరే చోటు చూసుకున్నాయి. మొదటిరోజు నేను బస్సులో స్కూలుకి వెళితే గేటు ఇంకా తియ్యలేదు. మా అత్తని కూడా ఒకసారి బస్సెక్కించి తీసుకెళ్ళాను. తన తోట ఉన్నచోట నిలబెట్టిన టోలుగేటుని ఆవిడ తల బయటపెట్టి చూసింది. నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి, మోటారు సైకిళ్ళకి ఉచితమని తెలిసి, "మరి వీళ్ళకేం మిగుల్తాదే పాపం" అంది. ఆ జాలి మాత్రం నిజమైనదే.

కొన్నాళ్ళు పంటు ఖాళీగా తిరిగింది. అయినా ఆవిడ రేవు పాకకి వెళ్ళి కూర్చుని వచ్చేది. చివరికి దిగువన, ఏటి మధ్య లంకల వైపు, ఇంకా బ్రిడ్జి రాని రేవువాళ్ళు దాన్ని కొనుక్కున్నారు. తీసుకెళ్ళేనాడు రేవుకి రానంది. బ్రిడ్జి మీదనుంచి చూస్తానంది. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను.

ఇద్దరం రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. పంటు మెల్లగా వచ్చి మా కాళ్ళ కింద దూరి, అవతలివైపు తేలింది. ఆవిడ రోడ్డు దాటి అటు వెళ్ళి వంగి చూసింది. అన్నేళ్ళలో ఆవిడ దాన్ని పైనుంచి చూడడం అదే మొదటిసారి. సరంగు చెయ్యి ఊపాడు. ఏదో అన్నాడు కూడా, ఇంజను చప్పుడులో మాకు వినబడలేదు.

"ఇంతేనా ఇది?" అంది.

"పెద్దదే అత్తా. దూరం వల్ల అలా కనిపిస్తోంది."

"దూరం వల్లేనంటావా?"

ఔనన్నాను. లెక్కల టీచర్ని కదా, నా మాట నమ్మింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. కోరి తెచ్చుకున్న బ్రిడ్జి మీద నిలబడి ఏడిస్తే బాగుండదని ఏటివైపు ముఖం తిప్పుకున్నాను. పంటు మలుపు తిరిగి లంక వెనక్కి వెళ్ళిపోయింది. అదే పనిగా హారన్ కొడుతూ బస్సు ఒకటి వస్తుంటే ఆవిడే నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"రేపట్నుంచి నన్ను పొద్దున్నే లేపకే" అంది.

లేపనన్నాను.