పొట్టేలు మెడపట్టీ

ఆదివారం, ఉగాది వెళ్ళిన వారం. సాయంత్రం, ఎండ దిగుతున్న వేళ. స్థలం: మా ఊరి బయటి బీడు. హాజరు: నేను, నా భార్య, నా కొడుకు, కోడలు, కోడలి తమ్ముడు. మా పొట్టేలు ఒకటి, కోడలి తమ్ముడి పొట్టేలు ఒకటి. చుట్టూ ఊరి జనం. వాన: లేదు.

చివరి మాట అలవాటు కొద్దీ రాశాను. మండలాఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోజూ పొద్దున్నే ఆవరణలోని వానకొలత పాత్ర చూసి అంకె వేయడం నా పనుల్లో ఒకటి. రిటైరైన తర్వాత కూడా డైరీలో ఆ ఒక్క మాట రాయకపోతే రోజు ముగిసినట్టు అనిపించదు.

అల్లిక కూడా ఆ ఉద్యోగంలో ఉండగానే పట్టుబడింది. కొంతకాలం నన్ను పుట్టపర్తిలో వేశారు. ఆఫీసు అయ్యాక బస్సు కోసం కూచునే బల్ల మీద విదేశీ ముసలమ్మ ఒకామె రోజూ ఊలు అల్లుతూ ఉండేది. నేను బీడీలు మానిన కొత్త. చేతులు ఊరుకునేవి కావు. ఆమె వేళ్ళ వైపే చూస్తూ ఉంటే ఒకరోజు పుల్లలు నా చేతిలో పెట్టింది. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నా భాష రాదు. తప్పు వేస్తే నా వేలి మీద పుల్లతో ఒక్కటి కొట్టేది. బాగా తగిలేది. అలాగే నేర్చుకున్నాను. తిరిగి వచ్చాక పాత సైకిల్ చక్రం పుల్లలు రెండు తీసి, బండ మీద కొసలు నూరి, ఇంట్లోనే మొదలుపెట్టాను.

మాది గొర్రెలు కాచిన కుటుంబం. మా నాయన కంబళ్ళు నేసేవాడు. మగవాడు మగ్గం ముందు కూచుంటే ఎవరూ నవ్వరు గాని రెండు పుల్లలు పట్టుకుంటే నవ్వుతారు. "ఏమప్పా, ఇంగ జడ కూడా అల్లుకుంటావా?" అని అరుగు ముందు నుంచి పోయేవాళ్ళు అడిగేవారు. నేను వరస లెక్క తప్పుతానని జవాబు చెప్పేవాడిని కాదు.

నా కొడుకు ట్రాక్టర్ నడుపుతాడు. అది వాడి బతుకు. వాడి ప్రాణం మాత్రం పందెపు పొట్టేలు. ఎర్రగా, బలిసిన మెడతో, రెండు మెలికలు తిరిగిన కొమ్ములతో ఉండేది. ఇసుక నింపిన లారీ టైరు ఒకటి వాకిట్లో దూలానికి వేలాడదీసి, రోజూ రెండు పూటలా దాన్ని పొడిపించేవాడు. నేను అరుగు మీద అల్లుతుంటే ఆ దెబ్బకు వెనక గోడ అదిరేది. ఆ పొట్టేలు పోయినేడు నా కుర్చీ కాలు విరిచింది. వీధికుక్క నడుము విరిచింది. ఒకసారి నా కొడుకు పక్కటెముక విరిగితే వాడు మూడు వారాలు కట్టు కట్టుకుని, దాని ముందే కూచుని, నానబెట్టిన ఉలవలు తినిపించాడు. తిడతాడేమోనని చూశాను. "ఎంత బలముండాదో చూసినావా నాయనా" అన్నాడు.

"గొర్రె బొచ్చు తండ్రికి, గొర్రె కొడుక్కు" అనేది నా భార్య. "నాకు మిగిలింది పెంటికలే. పొద్దున లేస్తే ఊడ్చేదానికి."

కోడలు నవ్వేది. ఆ అమ్మాయిది గార్లదిన్నె పక్క పల్లె. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. కూలికి పోయి వాడికి అన్నం పెట్టింది. మాట వినకపోతే చింత బరికె విరిగేదాకా కొట్టింది. ఆ మాట వాడే గొప్పగా చెప్పుకుంటాడు. ఆమెకు పుట్టిల్లంటే వాడొక్కడే. అక్కడ వాకిలి తీసి 'రా అక్కా' అనేవాడు ఇంకొకడు లేడు. అందుకే వాడికీ నా కొడుక్కూ ఏ చిన్న మాట వచ్చినా ఆమె చేతిలో పని ఆగిపోయేది. నేను చాలాసార్లు గమనించాను.

వాళ్ళిద్దరి స్నేహం కూడా దెబ్బలతోనే నడిచేది. కనబడితే భుజాలు గుద్దుకోవడం, మెడలు పట్టి వంచుకోవడం. కోడలి తమ్ముడూ ఒక పొట్టేలును తయారుచేశాడు. నల్లది. ఫోనులో రోజూ ఇదే గోల.

"ఏం బావా, నీ మేకపిల్ల మేత తింటాండాదా?"

"తింటాండాది లేరా. నీ నల్లదాని కొమ్ములు ఊడిపోతే పోగు చేసేకి సంచి తెచ్చుకో."

మెడకు కట్టిన మోకు ఒరుసుకుని మా పొట్టేలుకు పుండు పడింది. దానికోసం ఆ చలికాలంలో ఒక పట్టీ అల్లాను. జానెడు వెడల్పు, ఎర్ర ఊలు, మధ్యలో నల్ల గీత. ఊలు ఒక్కటే అయితే నాలుగు రోజుల్లో తెగుతుందని ప్రతి వరసలోనూ నైలాన్ దారం కలిపి వేశాను. రెండు చేతులతో పట్టి లాగి చూశాను. సాగింది, మళ్ళీ తన కొలతకు వచ్చింది. తెగలేదు. నేను అల్లినవాటిలో అంత గట్టి వస్తువు ఇంకొకటి లేదు. దాని మీద మోకు కట్టాక పుండు మానింది. ఎర్రపొట్టేలు మెడలో అది చూసి, జడ అల్లుకుంటావా అన్నవాళ్ళే తమ ఎద్దులకు కూడా అల్లిపెట్టమన్నారు.

పందెంలో పొట్టేలు మెడ బోసిగా ఉండాలి. మా వైపు అది అందరికీ తెలిసిన కట్టుబాటు. ఆ ఆదివారం రెండింటినీ బీడులోకి తెచ్చాక కోడలి తమ్ముడు ఆ మాటే అన్నాడు.

"బావా, మెడలో అది తీసెయ్."

"మా నాయన అల్లినాడ్రా. దిష్టి తగలకుండా ఉంటాది. ఉండనీ."

"దారమేలే అనుకో. కొమ్ము తగులుకుంటే?"

వాడు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు మామా. తీయాల్నా, వద్దా?"

జనమంతా ఆ పట్టీని చూస్తున్నారు. నేను, "ఏం కాదులేప్పా. అది సాగుతుంది" అన్నాను. పెద్దవాణ్ణి, నిదానంగా ఆలోచించి మాట్లాడతానని పేరున్నవాణ్ణి. వాడు సరేనని తన పొట్టేలు దగ్గరికి పోయాడు.

రెండింటినీ విడిచారు. అవి వెనక్కి వెనక్కి పోయి, ఒక్క క్షణం నిలబడి, వచ్చి కొట్టుకున్నాయి. ఆ చప్పుడు చెవికంటే ముందు రొమ్ములో తగులుతుంది. రెండో దెబ్బకు నల్లదాని ముక్కులోంచి నెత్తురు వచ్చింది. మూడో దెబ్బకు మాదాని నుదుటి చర్మం చీలి కన్ను మీదికి వేలాడింది. జనం కేకలు. నా కొడుకు నేల మీద కూచుని అరచేతులతో మట్టి కొడుతున్నాడు. నాలుగోసారి తలలు సూటిగా తగల్లేదు. జారి, మెడ మెడ రాసుకున్నాయి. నల్లదాని కొమ్ము కొస పట్టీలో దూరింది.

మామూలు గుడ్డ అయితే చిరిగిపోయేది. మోకైతే జారేది. అల్లిక చిరగలేదు. నల్లది తల విదిలించే కొద్దీ కొమ్ము చుట్టూ మెలిపడుతూ పోయింది. మాదాని గొంతు బిగిసింది. నాలుక బయటికి వచ్చి నీలంగా అయింది. నల్లది తల పక్కకు తిరిగిపోయి మోకాళ్ళ మీద పడింది. రెండూ ఒకే జంతువులా గిరగిరా తిరుగుతూ తన్నుకుంటున్నాయి. పట్టుకోబోయిన ఒకాయన పొట్టలో గిట్టలు తగిలి అక్కడే కూలబడ్డాడు.

"పట్టీ కట్టి మోసం చేసినార్రా!" అని ఎవరో అరిచారు.

నేను జనాన్ని తోసుకుని పొట్టేళ్ళ దగ్గరికి పోయాను. కొడవలి పట్టుకుని వస్తున్నవాణ్ణి ఆపాను. గొంతు తెగుతుంది, నేను విప్పుతాను, నాకు కొస ఎక్కడుందో తెలుసు అన్నాను. నిజంగానే తెలుసు. ఎడమ చెవి కింద ముడి వేసి లోపలికి దాచాను. కొస లాగితే అల్లిక వరస వెంట వరస ఊడిపోతుంది, అది అల్లికకు ఉన్న గుణం. కాని బిగుసుకున్న అల్లిక ఊడదు. ఆ సంగతి నా వేళ్ళకు తెలియాల్సింది. నేను నెత్తుటితో జారిపోతున్న ఉన్నిలో కొస వెతుకుతూ, దొరికిన కొసను లాగుతూ కూచున్నాను. పొట్టేలు గొంతులో గరగర శబ్దం కూడా ఆగిపోయింది.

కోడలు నన్ను భుజం పట్టి పక్కకు తోసింది. కింద పడ్డాను. ఆమె కొడవలి లాక్కుని, మెడకూ పట్టీకీ మధ్య వేళ్ళు దూర్చి, తన వేళ్ళ మీదుగా ఒక్క కోత కోసింది. పట్టీ తెగింది. ఆమె చూపుడు వేలు కూడా తెగింది.

మా పొట్టేలు పెద్దగా గాలి పీల్చింది. తల విదిలించింది. అందరూ అది పారిపోతుందనుకున్నాం. అది నాలుగడుగులు వెనక్కి వేసింది. నల్లది ఇంకా మోకాళ్ళ మీదే ఉంది, తల ఎత్తలేదు. నా కొడుకు "రేయ్, వద్దు!" అని పొట్టేలు మీదికి దూకాడు. అందలేదు. అది వచ్చి నల్లదాని చెవి వెనక కొట్టింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. నల్లది పక్కకు ఒరిగి కాళ్ళు చాపింది. మాది మళ్ళీ వెనక్కి పోయి, చచ్చినదాన్నే ఇంకోసారి కొట్టింది.

కోడలి తమ్ముడు ఎవరి చేతిలోదో కట్టె అందుకుని నా కొడుకు మీదికి ఎత్తాడు. నా కొడుకు చెయ్యి అడ్డం పెట్టాడు. ముంజేయి మధ్యలో వంగిపోయింది.

"నమ్మినా గదరా నిన్ను! మీ నాయన నోటితో చెప్పిచ్చినావు గదరా!" అని వాడు మళ్ళీ కట్టె ఎత్తాడు.

నా కొడుకు రెండో చేత్తో రాయి ఎత్తి విసిరాడు. అది వాడికి తగల్లేదు. మధ్యలోకి వచ్చిన కోడలికి కనుబొమ్మ మీద తగిలింది. రెండు చేతులతో ముఖం మూసుకుని నిలబడింది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారింది.

నా భార్య కొంగు చింపి అదిమిపెట్టింది. "చాలునా మీకు? ఇంగా కావాల్నా? ఇదో, నేనుండా. నన్ను కొట్టండి" అని ఇద్దరి ముందుకూ పోయింది. కట్టె కింద పడింది. జనంలో ఒకరి చొక్కాలు ఒకరు పట్టుకున్నవాళ్ళు కూడా వదిలారు.

దగ్గరున్న బండి ఒక్కటే, కోడలి తమ్ముడి గూడ్సు ఆటో. నల్లదాన్ని తెచ్చింది అందులోనే. చచ్చినదాన్ని బీడులోనే వదిలి, దాని మేత సంచి మీద అక్కను పడుకోబెట్టి, అనంతపురం పెద్దాసుపత్రికి వాడే నడిపాడు. నా కొడుకు వెనక కూచుని, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆమె తల కదలకుండా మోకాళ్ళతో పట్టుకున్నాడు. నేనూ వాళ్ళతో ఎక్కాను; ఎర్రదాన్ని నా భార్య ఊరివాళ్ళ సాయంతో ఇంటికి తోలుకుపోయింది. ఆమెకు కనుబొమ్మకూ వేలికీ కుట్లు వేశారు. నా కొడుకు చేతికి పిండికట్టు కట్టారు. ఎట్లా తగిలిందని డాక్టరు అడిగితే కోడలు "కొట్టుకున్నాం" అని మాత్రం చెప్పింది. ఎవరు, ఎవరిని అన్నది చెప్పలేదు.

మమ్మల్ని ఇంటి ముందు దించి, ఇంజను ఆపకుండానే కోడలి తమ్ముడు అన్నాడు: "రేప్పొద్దున వస్తా. బట్టలు సర్దుకో అక్కా. ఈ ఇంట్లో నువ్వుండేది లేదు. రాకుంటే నాకు అక్క లేదనుకుంటా."

మరుసటి రోజు పొద్దున్నే వచ్చాడు. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. వాకిట్లోకి రాలేదు. ఆటో పక్కనే నిలబడి పిలిచాడు.

కోడలు బయటికి వచ్చింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, చెంప నల్లబడింది. చేతిలో సంచి లేదు. ఆమె నేరుగా గుంజ దగ్గరికి పోయి పొట్టేలు మోకు విప్పింది.

నేను లేచాను. "అమ్మా, పట్టీ నాది. ఆ మాట చెప్పింది నేను" అని మొదలుపెట్టాను.

"నువ్వు మాట్లాడొద్దు మామా. నిన్న మాట్లాడినావు గదా, చాలు."

కూచున్నాను.

ఆమె పొట్టేలును ఈడ్చుకుంటూ ఆటో దాకా తీసుకుపోయింది. "ఇదో. నీదానికి బదులు. తీస్కపో."

"నాకెందుకది? నేను వచ్చింది నీకోసం."

"నేను ఈ పొద్దు నీ బండెక్కితే మళ్ళా ఈ ఇంటికి రాను. నువ్వు రానీవు. ఎక్కకుంటే నీ ఇంటికి రానీవు. నాకు రెండిండ్లూ కావల్లరా. ఒకడు ఒక వాకిలి మూసేకి, ఇంకొకడు ఇంకో వాకిలి మూసేకి నేనేమన్నా గొర్రెనా? శ్రావణంలో వస్తా. దీన్ని ఎక్కించు."

వాడు కదల్లేదు. ఆమె లోపలికి చూసి కేకేసింది. "నువ్వు కూడా రా! ఒక్క చెయ్యి బాగుంది గదా. నిన్న రాయి ఎత్తిన చెయ్యే."

నా కొడుకు తల వంచుకుని వచ్చాడు. ఆ పొట్టేలును ఒక్కడు ఎక్కించలేడు. కోడలి తమ్ముడు ముందు కొమ్ములు పట్టుకున్నాడు. నా కొడుకు వెనక నుంచి తొడలకు భుజం ఆనించి ఎత్తాడు. సగం ఎక్కాక పొట్టేలు తల ఒక్కసారి పైకి విసిరింది. కోడలి తమ్ముడి పెదవి చిట్లి, ముందు పన్ను ఊడి ఆటోలో పడింది. వాడు కొమ్ములు వదల్లేదు. ఎక్కించి, మోకు బిగించి కట్టి, అప్పుడు దిగి నెత్తురు ఉమ్మాడు.

ఎవరూ నవ్వలేదు. కోడలు నీళ్ళ చెంబు తెచ్చి తమ్ముడికి ఇచ్చింది. వాడు పుక్కిలించి చెంబు తిరిగి ఇచ్చాడు.

ఆటో కదలబోతుంటే నా కొడుకు పక్కకు పోయి అద్దం దగ్గర వంగాడు. "ఉలవలు రాత్రే నానబెట్టు. నుదుట్న పుండుకు పసుపు పెట్టు. దాని ముందర తల వంచి నిలబడొద్దు" అన్నాడు.

"నువ్వు చెప్పాల్నా బావా?" అన్నాడు కోడలి తమ్ముడు, వాచిన పెదవితో.

ఆటో పోయింది. రోడ్డు ఎక్కేదాకా పొట్టేలు వెనక రేకును పొడుస్తూనే ఉంది.