ఉండప్పా అనే ఓనరమ్మ

చిక్కపేటలో మేము అద్దెకున్న ఇంటి ఓనరమ్మ ఏం చెప్పాలన్నా ముందు “ఉండప్పా” అనేది.

ఒక నెల నీళ్ల బిల్లు ఎన్నడూ లేనంత వచ్చింది. పై వాటా బాలింత బిడ్డ గుడ్డలు ఉతకడానికి నీళ్లన్నీ పారబోస్తోందని మిగతా వాటాలవాళ్లు అన్నారు. ఆ మాట చెవిన పడ్డాక ఆమె వాకిట్లో కొళాయి దగ్గరికి రావడమే మానేసింది.

“ఉండప్పా, చూడకుండా ఎవర్నీ అనేది బాగుండదు” అని ఓనరమ్మ కొళాయిలన్నీ కట్టేయించింది. అయినా మీటరు తిరుగుతూనే ఉంది. బండలు లేపి తవ్విస్తే, భూమిలో పైపు పగిలి నీళ్లు మురుగుకాలవలోకి పోతున్నాయి.

నింద వేసినవాళ్లెవరూ తప్పయిందని చెప్పడానికి పైకి వెళ్లలేదు. ఓనరమ్మే వెళ్లి గుడ్డల బకెట్టు వాకిట్లో కొళాయి దగ్గరికి తెచ్చి, అందరూ చూస్తుండగా ఉతకడం మొదలుపెట్టింది. బాలింత పరుగున దిగివచ్చి “మీరెందుకమ్మా?” అంది.

“ఇంట్లో పసిబిడ్డ ఉండాది. నీళ్లు వాడకుంటే ఎట్లమ్మా?” అంటూ కొళాయి ఇంకా పెద్దగా తిప్పింది.